ముసుగు సరే... తాళం ఎవరి చేతిలో?

గల్ఫ్‌ కుటుంబాల ఫోన్లలోకి చేరుతున్న ఉచిత వీపీఎన్‌లు
ఎంపికలో ముందు చూడాల్సింది వేగం కాదు, వెనుక ఉన్నదెవరన్నదే

జగిత్యాల: దుబాయ్‌లో ఉన్న భర్తతోనో, కొడుకుతోనో మాట్లాడాలంటే ఒకప్పుడు ఐఎస్‌డీ బూత్‌ ముందు పడిగాపులు కాయాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బూత్‌లు లేవు. ప్రతి ఇంట్లో స్మార్ట్‌ఫోన్‌ ఉంది, అందులో వాట్సప్‌ ఉంది. రాసిన సందేశం క్షణంలో చేరుతోంది, పంపిన ఫొటో చేరుతోంది. వీడియో కాల్‌ మాత్రం సాధారణంగా కలవడం లేదు. యునైటెడ్‌ అరబ్‌ ఎమిరేట్స్‌ (యూఏఈ)లోని టెలికాం నెట్‌వర్క్‌లు వాట్సప్‌ కాల్స్‌ను అడ్డుకోవడమే ఇందుకు కారణం.

ఈ చిక్కును తీర్చే ఉపాయంగా ప్రచారంలోకి వచ్చిందే వీపీఎన్‌, అంటే వర్చువల్‌ ప్రైవేట్‌ నెట్‌వర్క్‌. జగిత్యాల, నిజామాబాద్‌, కరీంనగర్‌, రాజన్న సిరిసిల్ల, నిర్మల్‌ జిల్లాల్లోని వలస పల్లెలకు, అటు కోనసీమ, అన్నమయ్య జిల్లాల్లోని గల్ఫ్‌ కుటుంబాలకు ఈ మూడక్షరాలు కొత్త కాదు. లేబర్‌ క్యాంపులో పక్క మంచం మీది మిత్రుడు దాని సంగతి చెబుతాడు. సెలవుపై ఇంటికి వచ్చినవారు తల్లి ఫోన్లో, భార్య ఫోన్లో కూడా వేసి వెళతారు. సెల్‌ఫోన్ల దుకాణంలోనైతే ‘ఇది వేసుకో అక్కా, దుబాయ్‌కి మంచిగ కలుస్తది’ అన్న సలహా ఉచితంగానే దొరుకుతుంది. యాప్‌ కూడా ఉచితమే. పైగా దాని కింద అయిదు నక్షత్రాలు, లక్షల డౌన్‌లోడ్‌లు. దాన్ని తయారుచేసింది ఎవరు, నడపడానికి సొమ్ము ఎక్కడి నుంచి వస్తోందన్నది మాత్రం అడిగేవారు అరుదు. వీపీఎన్‌ ఎంపికలో మిగతా విషయాలన్నీ ఆ ప్రశ్న తర్వాతే.

తపాలా సంచీ మారిందంతే!

వీపీఎన్‌ చేసే పని అర్థం కావాలంటే ఊరి పోస్ట్‌మ్యాన్‌ను గుర్తు చేసుకుంటే చాలు. మన ఫోన్‌ నుంచి వెళ్లే ప్రతి ఉత్తరం మొబైల్‌ కంపెనీ అనే పోస్ట్‌మ్యాన్‌ చేతి మీదుగానే పోతుంది. ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారన్నది కవరు మీద చూసి ఆయన తెలుసుకోగలడు. వీపీఎన్‌ వేసుకుంటే ఆ ఉత్తరాలన్నీ ఒకే సంచీలో పడి, నోరు కుట్టేసి, వేరే ఊళ్లో ఉన్న మరో పోస్ట్‌మ్యాన్‌కు చేరతాయి. అక్కడ సంచీ విప్పి ఎవరి ఉత్తరం వారికి పంపుతారు. మన ఊరి పోస్ట్‌మ్యాన్‌కు సంచీ తప్ప ఏమీ కనిపించదు. ఉత్తరం అందుకున్నవారికి అది ఆ రెండో ఊరి నుంచే వచ్చినట్లు కనిపిస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ కవర్ల మీది చిరునామాలు ఎవరూ చూడకుండా పోలేదు, చూసే మనిషి మారాడంతే. మొదటి పోస్ట్‌మ్యాన్‌కు ఈ దేశంలో కార్యాలయం ఉంది, లైసెన్సు ఉంది, ఫిర్యాదు చేసేందుకు ఒక యంత్రాంగం ఉంది. రెండో మనిషి ఏ దేశంలో ఉన్నాడో కూడా చాలామందికి తెలియదు. సంచీ తాళం చెవి మాత్రం ఆయన దగ్గరే ఉంటుంది.

అలాగని ఆయన ప్రతి ఉత్తరమూ విప్పి చదవగలడని కాదు. బ్యాంకులు, వాట్సప్‌, పేరున్న వెబ్‌సైట్లు తమ ఉత్తరాలను ముందే లక్క ముద్ర వేసి పంపుతున్నాయి. వెబ్‌ చిరునామా ముందు కనిపించే హెచ్‌టీటీపీఎస్‌ అన్న అక్షరాల అర్థం అదే. అందువల్ల సాధారణ పరిస్థితుల్లో వీపీఎన్‌ నడిపేవారు పాస్‌వర్డ్‌ను చదవలేరు. ఏ సైటుకు వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు, రోజుకు ఎన్నిసార్లు వెళ్లారన్నది తెలుసుకోగలరు. యాప్‌ వేసేటప్పుడు అది అడిగిన అనుమతులన్నిటికీ ‘సరే’ అంటూ పోతే మాత్రం ఈ పరిమితులు కూడా చెరిగిపోతాయి.

ఇంట్లోని ఫోన్‌కు అక్కరే లేదు

ఇక్కడ చాలా కుటుంబాలు గమనించని ఒక సంగతి ఉంది. వాట్సప్‌ కాల్‌కు అడ్డు పడుతున్నది యూఏఈలోని నెట్‌వర్క్‌. జగిత్యాలలోని నెట్‌వర్క్‌ కాదు. కనుక మెట్‌పల్లిలోనో, కోరుట్లలోనో ఉన్న ఇల్లాలి ఫోన్లో వీపీఎన్‌ వేసినంత మాత్రాన అక్కడి అడ్డు తొలగదు. అంటే ఇంటి ఫోన్లో ఆ యాప్‌ వల్ల ఒనగూరే ప్రయోజనం శూన్యం. ఆ ఫోన్లోనే గల్ఫ్‌ నుంచి డబ్బు వచ్చే బ్యాంకు ఖాతా యాప్‌ ఉంటుంది, యూపీఐ ఉంటుంది, ఓటీపీలు వచ్చే నంబరు ఉంటుంది. లాభం లేని చోట ఇంత నష్టభయాన్ని పెట్టుకోవడం ఎందుకన్నది ఆలోచించాల్సిన విషయం.

అక్కడ ఉన్నవారి పరిస్థితి వేరు. వారికి చట్టం కూడా అడ్డు వస్తుంది. యూఏఈలో వీపీఎన్‌ అన్నదే నిషిద్ధమన్న ప్రచారంలో నిజం లేదు. కంపెనీలు, బ్యాంకులు తమ అంతర్గత అవసరాలకు వాడుకోవచ్చని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ 2016లోనే స్పష్టం చేసింది. అయితే నేరం చేయడానికో, చేసిన నేరం బయటపడకుండా ఉండడానికో నెట్‌వర్క్‌ చిరునామాను మార్చి చూపితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల వరకు జరిమానా విధించేందుకు 2021 నాటి సైబర్‌ నేరాల చట్టం వీలు కల్పిస్తోంది. కనిష్ఠ జరిమానాయే మన రూపాయల్లో కోటి దాటుతుంది. ఏజెంటుకు కట్టిన అప్పు తీరేందుకే ఏళ్లు పట్టే కార్మికుడికి ఈ అంకె ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఉచితం... ఎవరి ఖర్చుతో?

ఏ వీపీఎన్‌కైనా దేశదేశాల్లో సర్వర్లు కావాలి. వాటికి అద్దె, కరెంటు, బ్యాండ్‌విడ్త్‌, సిబ్బంది జీతాలు ఉంటాయి. లక్షల మందికి ఊరికే సేవ అందించేవారు ఆ ఖర్చును ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాల్సిందే. ఎక్కడ రాబట్టుకున్నారో తెలిపే ఉదాహరణలు గత పదేళ్లలో చాలానే వెలుగుచూశాయి.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓకు చెందిన నిపుణులు, ఇతర విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి 2016లో 283 ఆండ్రాయిడ్‌ వీపీఎన్‌ యాప్‌లను పరిశీలించారు. వాటిలో 38 శాతం యాప్‌లలో హానికర సాఫ్ట్‌వేర్‌ ఆనవాళ్లు కనిపించాయి. 75 శాతం యాప్‌లు వినియోగదారుల కదలికలను గమనించే ఇతర సంస్థల సాధనాలను లోపల పెట్టుకున్నాయి. 18 శాతం యాప్‌లైతే సమాచారాన్ని అసలు ఎన్‌క్రిప్ట్‌ చేయడమే లేదు. అంటే సంచీ నోరు కుట్టకుండానే పంపిస్తున్నాయన్నమాట. అప్పటి యాప్‌లలో చాలా వరకు మారిపోయి ఉండవచ్చు గానీ, కొత్తగా వచ్చినవి ఏపాటివో ఆ తర్వాతి సంఘటనలు చూస్తే అర్థమవుతుంది.

2020 జులైలో హాంకాంగ్‌ కేంద్రంగా నడుస్తున్న ఏడు ఉచిత వీపీఎన్‌ల సమాచార నిధి ఎలాంటి తాళమూ లేకుండా ఇంటర్నెట్‌లో బట్టబయలైంది. ‘మేము మీ వివరాలేవీ దాచం’ అని ఆ ఏడూ ప్రకటించుకున్నవే. దొరికినదేమో ఒక టెరాబైట్‌కు పైగా వినియోగదారుల సమాచారం. పేర్లు వేరైనా ఆ యాప్‌ల వెనుక ఉన్నది ఒకే వ్యవస్థ అని కూడా అప్పుడే తేలింది.

పెద్ద సంస్థ పేరుంటే భరోసా ఉంటుందనుకోవడానికీ వీల్లేదు. ఫేస్‌బుక్‌ 2013లో ఒనావో అనే ఇజ్రాయెల్‌ సంస్థను కొనుగోలు చేసింది. దాని వీపీఎన్‌ యాప్‌ను ‘మీ డేటాకు రక్షణ’ అంటూ ప్రచారం చేసింది. ఆ యాప్‌ ద్వారా జనం ఇంకా ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో గమనించి, తన వ్యాపార నిర్ణయాలకు ఆ సమాచారాన్ని వాడుకుంది. 2018లో యాపిల్‌ తన స్టోర్‌ నుంచి దాన్ని తప్పించింది, 2019లో అది మూతపడింది. ఈ వ్యవహారంపై ఆస్ట్రేలియా ఫెడరల్‌ కోర్టు 2023లో ఆ సంస్థ అనుబంధ కంపెనీలకు 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. రక్షణ పేరుతో ఇచ్చిన యాప్‌ కాపలా కాయాల్సిన ఇంటినే పరిశీలించిందన్నమాట.

వీటన్నిటికంటే భయపెట్టేది మరొకటి ఉంది. 2024 మేలో అమెరికా న్యాయశాఖ ‘911 ఎస్‌5’ అనే నెట్‌వర్క్‌ గుట్టు రట్టు చేసింది. మాస్క్‌వీపీఎన్‌, డ్యూవీపీఎన్‌, షైన్‌వీపీఎన్‌ వంటి ఉచిత యాప్‌లను కంప్యూటర్లలో వేసుకున్నవారికి తెలియకుండానే, వారి ఇంటర్నెట్‌ చిరునామాలను నేరగాళ్లకు అద్దెకిచ్చారన్నది అభియోగం. దాదాపు 200 దేశాల్లో 1.9 కోట్ల ఐపీ చిరునామాలు ఇలా దుర్వినియోగమయ్యాయని అక్కడి అధికారులు ప్రకటించారు. మోసాలు, బెదిరింపులు, ఇంకా హేయమైన నేరాలు ఈ చిరునామాల చాటున జరిగాయి. దర్యాప్తు మొదలుపెట్టిన పోలీసులకు మొదట కనిపించేది నేరగాడు కాదు. ఆ ఐపీ చిరునామా ఎవరి పేరిట ఉందో ఆ అమాయకుడే. అంతకుముందు 2015లో హోలా అనే ప్రసిద్ధ ఉచిత వీపీఎన్‌ కూడా తన వినియోగదారుల కనెక్షన్లను ఇతరులకు అమ్ముతోందని బయటపడింది. ఆ విషయం దాని నిబంధనల్లో ఎక్కడో ఒక మూల ఉండనే ఉందని సంస్థ సమర్థించుకోవడం కొసమెరుపు.

స్టోర్‌లో కనిపించే ముద్రలు కొంత ఊరట. గూగుల్‌ ప్లే స్టోర్‌ 2025 జనవరిలో, స్వతంత్ర భద్రతా పరీక్షలో నెగ్గిన వీపీఎన్‌లకు ‘వెరిఫైడ్‌’ గుర్తును ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ గుర్తు ఉంటే మంచిదే. కానీ ఒక్క గుర్తును నమ్ముకుని ఊరుకోలేం. అదే ఏడాది ఆగస్టులో క్రోమ్‌ బ్రౌజర్‌కు జోడించే ఒక ఉచిత వీపీఎన్‌, లక్ష మందికి పైగా వాడుతున్నది, గూగుల్‌ ప్రత్యేక గుర్తింపు పొందినది, వినియోగదారులు తెరిచిన ప్రతి పేజీనీ చాటుగా ఫొటో తీసి పంపుతున్నట్లు భద్రతా పరిశోధకులు వెల్లడించారు.

ఉచితాలన్నీ ఒకే గాటన కట్టలేమన్నది కూడా నిజం. డబ్బు కట్టే ఖాతాదారుల ఆదాయంతో ఉచిత సేవను నడిపే సంస్థలు కొన్ని ఉన్నాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రోటాన్‌ ఆ కోవలోది. ఉచిత ఖాతాలో ప్రకటనలు ఉండవు, డేటాకు పరిమితి ఉండదు. అయితే ఒక్క పరికరంలోనే పనిచేస్తుంది, నచ్చిన దేశాన్ని ఎంచుకునే వీలుండదు. ఖర్చు ఎవరు భరిస్తున్నారో అక్కడ స్పష్టంగా తెలుస్తోంది. తెలియని చోటే అనుమానించాలి.

2022 నిబంధనలతో మారిన లెక్క

మన దేశంలో వీపీఎన్‌ వాడకం నేరం కాదు. హోం వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం 2021లో వీటిని అడ్డుకోవాలని సిఫారసు చేసినా, దేశవ్యాప్త నిషేధం రాలేదు. జమ్మూకశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో అధికారులు శాంతిభద్రతల కారణంగా తాత్కాలిక నిషేధ ఉత్తర్వులిచ్చిన సందర్భాలు ఉన్నాయి. వాటి సంగతి వేరు.

కేంద్ర ఎలక్ట్రానిక్స్‌, ఐటీ శాఖ పరిధిలో సైబర్‌ భద్రతను చూసే సెర్ట్‌-ఇన్‌ సంస్థ 2022 ఏప్రిల్‌ 28న జారీ చేసిన ఆదేశాలు ఈ వ్యాపారాన్ని ఒక్క కుదుపు కుదిపాయి. వీపీఎన్‌ సేవ పొందేవారి ధ్రువీకరించిన పేరు, చిరునామా, ఫోన్‌ నంబరు, ఈమెయిల్‌, కేటాయించిన ఐపీ చిరునామాలు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు వాడారు, ఎందుకు తీసుకున్నారు... ఈ వివరాలన్నిటినీ ఖాతా రద్దయిన తర్వాత కూడా అయిదేళ్లు, అవసరమైతే అంతకుమించి భద్రపరచాలన్నది ఆ ఆదేశం. నేర దర్యాప్తులకు ఇది తప్పనిసరి అన్నది ప్రభుత్వ వాదన. ఓటీపీ మోసాల్లో సొమ్ము పోగొట్టుకుని ఠాణా చుట్టూ తిరిగినవారికి ఆ వాదనలో బలం కనిపిస్తుంది. ఏ వివరాలూ దాచబోమన్న హామీ మీదే వ్యాపారం నడిపే సంస్థలకు మాత్రం ఇది మింగుడుపడలేదు. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడుపుకొనే వీపీఎన్‌లకు ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. అమలు గడువును 2022 సెప్టెంబరు 25 వరకు పొడిగించారు.

ఫలితం ఊహించినదే. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌, సర్ఫ్‌షార్క్‌, నార్డ్‌వీపీఎన్‌ 2022 జూన్‌లో, ప్రోటాన్‌ సెప్టెంబరులో భారత్‌లోని తమ సర్వర్లను తొలగించాయి. ఇక్కడివారికి సేవ అందించడం మాత్రం మానలేదు. సింగపూర్‌ వంటి చోట్ల సర్వర్లు పెట్టి, వాటికి భారత చిరునామా తగిలించి నడిపే పద్ధతిని కొన్ని సంస్థలు ఎంచుకున్నాయి. జాబితాలో ‘ఇండియా’ అని కనిపించినా సర్వరు ఉండేది వేరే దేశంలో.

కొనేవారికి దీని అర్థం ఒక్కటే. భారత్‌లో సర్వర్లు ఉన్నాయని, అదే సమయంలో ఏ వివరాలూ దాచబోమని ఏ సంస్థ అయినా చెబుతుంటే, ఆ రెండింటిలో ఏదో ఒకటి నిజం కాదని అనుమానించాలి. నిబంధన పాటించే సంస్థ వివరాలు దాస్తుంది, అందులో తప్పు లేదు. ఆ సంగతి కొనేవారికి ముందే తెలిసి ఉండాలి.

మరో పరిణామం 2025 జనవరిలో జరిగింది. కేంద్ర హోంశాఖ ఆదేశాల మేరకు క్లౌడ్‌ఫ్లేర్‌ సంస్థ యాప్‌ సహా కొన్ని వీపీఎన్‌ యాప్‌లను యాపిల్‌, గూగుల్‌ తమ భారత స్టోర్ల నుంచి తప్పించాయి. స్టోర్‌లో దొరకని యాప్‌ ఏపీకే ఫైలు రూపంలో వాట్సప్‌ గ్రూపుల్లోకి వస్తే దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. పెళ్లి శుభలేఖల పేరుతో వచ్చిన ఏపీకే ఫైళ్లు ఎన్ని ఖాతాలను ఖాళీ చేశాయో తెలిసిందే.

యజమాని ఎవరు?

చాలామంది గూగుల్‌లో ‘మంచి వీపీఎన్‌ ఏది’ అని వెతుకుతారు. పది సైట్లు పది జాబితాలు చూపుతాయి. మొదటి మూడు పేర్లు దాదాపు అన్నిటిలోనూ అవే. కారణం తెలిస్తే ఆశ్చర్యం కలగకమానదు. ఆ సైట్లలో అధికభాగం తమ ద్వారా కొన్న ప్రతి ఖాతాకూ కమీషన్‌ తీసుకునేవే.

అంతకుమించిన సంగతి కూడా ఉంది. కేప్‌ టెక్నాలజీస్‌ అనే సంస్థ 2017లో సైబర్‌ఘోస్ట్‌ను, 2018లో జెన్‌మేట్‌ను, 2019లో ప్రైవేట్‌ ఇంటర్నెట్‌ యాక్సెస్‌ను, 2021లో 93.6 కోట్ల డాలర్లకు ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌ను కొనేసింది. అదే 2021లో వీపీఎన్‌లకు ర్యాంకులిచ్చే వెబ్‌సైట్లను నడిపే సంస్థను కూడా కొన్నది. పోటీలో పాల్గొనేవారు, మార్కులు వేసేవారు ఒకే గొడుగు కిందికి చేరారు. కేప్‌కు అంతకుముందున్న పేరు క్రాస్‌రైడర్‌. బ్రౌజర్లలోకి ప్రకటనలు చొప్పించే సాంకేతికతకు వాడుకలో ఉన్న పేరది. నార్డ్‌వీపీఎన్‌, సర్ఫ్‌షార్క్‌ కూడా 2022లో ఒకే సంస్థ కిందికి వచ్చాయి. వేర్వేరు పేర్లు, వేర్వేరు రంగులు చూసి పోల్చుకుంటున్నామనుకునేవారు నిజానికి ఒకే యజమాని దుకాణంలో రెండు అరలను పోల్చుతూ ఉండవచ్చు. ఇవి పనికిరానివని కాదు. యజమాని పేరు, కంపెనీ నమోదైన దేశం, నడుపుతున్నవారి పేర్లు వెబ్‌సైట్‌లో కనిపించాలన్నది కనీస షరతు. పేరు లేదు, ఊరు లేదు, ఒక జీమెయిల్‌ చిరునామా మాత్రమే ఉంటే అక్కడితో ఆపేయడమే మంచిది.

మాట కాదు... రుజువు

‘మేము ఎలాంటి లాగ్‌లూ దాచం’ అన్న మాట ప్రతి వీపీఎన్‌ ముఖద్వారం మీదా ఉంటుంది. మాటకు విలువ లేదని చెప్పలేం గానీ, పరీక్ష ఎదురైన రోజున ఏం జరిగిందన్నదే లెక్క.

పరీక్షలో తప్పినవారు ఉన్నారు. సోనీ పిక్చర్స్‌పై 2011లో జరిగిన సైబర్‌ దాడి కేసులో హైడ్‌మైయాస్‌ అనే వీపీఎన్‌ వద్ద ఉన్న లాగ్‌ల ఆధారంగానే నిందితుడు దొరికాడు. ఏ వివరాలూ దాచబోమని చెప్పుకొన్న ఐపీవానిష్‌ 2016లో అమెరికా దర్యాప్తు అధికారులకు వినియోగదారుడి వివరాలు అందజేసింది. ఆ సంగతి రెండేళ్ల తర్వాత కోర్టు పత్రాల ద్వారా గానీ బయటికి రాలేదు. ప్యూర్‌వీపీఎన్‌ విషయంలోనూ 2017లో ఇలాగే జరిగింది. ఆ కేసుల్లో పట్టుబడినవారిపై ఎవరికీ జాలి అక్కర్లేదు. దాచనన్న వివరాలు దాచి ఉంచారన్నదే ఇక్కడి ప్రస్తుతాంశం.

నెగ్గినవారూ ఉన్నారు. 2023 ఏప్రిల్‌ 18న స్వీడన్‌ పోలీసులు సోదా వారంటుతో గోథెన్‌బర్గ్‌లోని ముల్‌వాడ్‌ వీపీఎన్‌ కార్యాలయానికి వెళ్లారు. ఖాతాదారుల వివరాలున్న కంప్యూటర్లు స్వాధీనం చేసుకోవాలన్నది వారి ఉద్దేశం. అలాంటి వివరాలే తమ వద్ద లేవని సంస్థ చూపించడంతో వట్టి చేతులతో వెనుదిరిగారు. ఆ సంస్థ ఖాతా తెరవడానికి పేరు, ఈమెయిల్‌ కూడా అడగదు, ఒక అంకె ఇస్తుంది. నెలకు 5 యూరోలన్న ధరను 2009 నుంచి మార్చలేదు. తుర్కియే అధికారులు 2017లో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌ సర్వరును స్వాధీనం చేసుకున్నప్పుడు కూడా దర్యాప్తుకు పనికొచ్చే వివరాలేవీ దొరకలేదు. ప్రైవేట్‌ ఇంటర్నెట్‌ యాక్సెస్‌ అయితే 2016, 2018 సంవత్సరాల్లో అమెరికా కోర్టు కేసుల్లో ఇదే రుజువు చేసుకుంది.

ఒక్క మెలిక ఉంది. పైన చెప్పిన చివరి రెండు సంస్థలూ ఆ పరీక్షలు నెగ్గిన తర్వాతే చేతులు మారాయి. పాత యజమాని సంపాదించిన మంచి పేరు కొత్త యజమానికి దస్తావేజుతో పాటు రాదు. అందుకే ఏటా బయటి ఆడిటర్లతో తనిఖీ చేయించుకుని నివేదికను బహిరంగపరిచే సంస్థలను ఎంచుకోవాలని నిపుణులు సూచిస్తున్నారు. ఆడిట్‌ జరిగిందా అని మాత్రమే కాక, ఎప్పుడు జరిగింది, ఏ భాగానికి జరిగింది అన్నది చూడాలి. యాప్‌ను మాత్రమే తనిఖీ చేయించి సర్వర్లకు కూడా ఆ ముద్ర తగిలించుకునేవారు ఉంటారు. నార్డ్‌వీపీఎన్‌కు ఫిన్లాండ్‌లో ఉన్న ఒక అద్దె సర్వరులోకి 2018లో చొరబాటు జరిగితే, ఆ సంగతి లోకానికి తెలిసింది 2019 అక్టోబరులో. ఆ తర్వాత ఆ సంస్థ తనిఖీలు పెంచింది. పొరపాటు జరగడం కంటే దాన్ని ఎన్నాళ్లు దాచారన్నదే చూడదగిన విషయం.

యాప్‌ లోపల చూడాల్సినవి

సాంకేతిక విషయాల్లో సామాన్యుడికి అక్కరకొచ్చేవి కొద్దే. వైర్‌గార్డ్‌ లేదా ఓపెన్‌వీపీఎన్‌ పద్ధతుల్లో పనిచేస్తే చాలు. వైర్‌గార్డ్‌ కోడ్‌ సుమారు 4,000 వరుసలే కావడంతో తనిఖీ సులువు, వేగమూ ఎక్కువ. ఇప్పటికీ పీపీటీపీ అన్న పాత పద్ధతినే అంటిపెట్టుకున్న యాప్‌ను వదిలేయాలి, దాని తాళం ఎప్పుడో విరిగిపోయింది. కిల్‌ స్విచ్‌ అన్న సదుపాయం ఉండాలి. వీపీఎన్‌ మధ్యలో తెగిపోతే, ముసుగు లేకుండా ఫోన్‌ బయటికి పోకుండా ఇంటర్నెట్‌ను అది ఆపేస్తుంది. ఆండ్రాయిడ్‌ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని వీపీఎన్‌ విభాగంలోనే ‘ఎల్లప్పుడూ ఆన్‌’, ‘వీపీఎన్‌ లేని కనెక్షన్లను అడ్డుకో’ అన్న రెండు మీటలు ఉంటాయి.

అనుమతుల విషయం మాత్రం నిదానించి చూడాలి. వీపీఎన్‌కు మన కాంటాక్టులతో పనిలేదు, ఎస్‌ఎంఎస్‌లతో పనిలేదు, కెమెరాతో అసలే లేదు. ఎస్‌ఎంఎస్‌ చదివే అనుమతి ఇవ్వడమంటే ఓటీపీని చేతికివ్వడమే. ‘సర్టిఫికెట్‌ ఇన్‌స్టాల్‌ చేయండి’ అని అడిగితే మరీ ప్రమాదం. పైన చెప్పిన లక్క ముద్రను కూడా విప్పి చదివే అవకాశం దానితో వస్తుంది. 2019 జనవరిలో ఫేస్‌బుక్‌ నెలకు 20 డాలర్ల వరకు ఇచ్చి, 13 ఏళ్ల పిల్లల ఫోన్లలో కూడా ఇలాంటి సర్టిఫికెట్‌ వేయించిందన్న సంగతి వెల్లడై దుమారం రేగింది.

ధర సంగతికి వస్తే, రెండు మూడేళ్లకు ఒకేసారి కడితే నెలకు నూటాయాభై, రెండు వందలే అన్నట్లు కనిపించే ప్రకటనలు చాలా ఉన్నాయి. గడువు తీరాక వసూలు చేసే ధర చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది తరచూ రెట్టింపు. మొదట ఒక నెలకే కట్టి చూసి, నచ్చకపోతే 30 రోజుల్లో సొమ్ము వాపసు అడగడం తెలివైన పని. కార్డు నుంచి తనంతట తానే సొమ్ము మళ్లేలా ఆమోదం ఇచ్చి ఉంటే, కోతకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు నుంచి సందేశం రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ సందేశాన్ని చదవకుండా తుడిచేసేవారే ఎక్కువ.

వీపీఎన్‌ ఏం చేయలేదో కూడా తెలియాలి. డిజిటల్‌ అరెస్టు అంటూ బెదిరించే ఫోన్‌ను అది ఆపదు. నకిలీ లింకు నొక్కితే కాపాడదు. ఓటీపీ చెబితే పోయే డబ్బును తిరిగి తేదు. ఫేస్‌బుక్‌, గూగుల్‌ ఖాతాల్లోకి లాగిన్‌ అయి ఉంటే, మీరెవరో ఆ సంస్థలకు ముసుగులోనూ తెలుస్తూనే ఉంటుంది. రైల్వే స్టేషన్‌లోనో, బస్టాండులోనో ఉచిత వైఫై వాడేవారికి, సొంత ఊరి నుంచి కంపెనీ పని చేసుకునేవారికి, మూలాలను కాపాడుకోవాల్సిన విలేకరులకు ఇది ఉపయోగకరమే. గల్ఫ్‌ పల్లెలోని పెద్దావిడ ఫోన్లో దీనికి పనేమీ లేదు.

యూఏఈలో ఉన్నవారితో ముఖాముఖి మాట్లాడేందుకు బోటిమ్‌, మైక్రోసాఫ్ట్‌ టీమ్స్‌, జూమ్‌ వంటి అనుమతి పొందిన యాప్‌లు ఉన్నాయి. కాల్‌ చేసేవారూ, అందుకునేవారూ ఒకే యాప్‌ వేసుకోవాలి. ఇంటి ఫోన్లో ఇప్పటికే తెలియని వీపీఎన్‌ ఉంటే మొదట సెట్టింగ్స్‌లోని వీపీఎన్‌ విభాగంలో దాని పేరు తొలగించి, ఆ తర్వాత యాప్‌ను తీసేయాలి. బ్యాంకు, యూపీఐ పిన్‌లను మార్చుకోవాలి. ఈలోగా ఖాతాలోంచి సొమ్ము పోయినట్లు గుర్తిస్తే 1930 నంబరుకు వెంటనే ఫోన్‌ చేయాలి. మోసగాళ్లు సొమ్మును మరో ఖాతాకు మళ్లించేలోపే ఫిర్యాదు అందితే దాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది.